దూరపు చూపు ప్రత్యక్షమేనా?

జేబులో పట్టే లాంగ్‌జూమ్ కెమెరా దూరపు వస్తువును దగ్గరగా చూపుతుంది. ఆ చూపు ప్రత్యక్షజ్ఞానమేనా అన్నది న్యాయదర్శనానికి చెందిన ప్రశ్న. ఇంద్రియానికీ వస్తువుకూ సన్నికర్షం (సంబంధం) కలిగినప్పుడు పుట్టే, భ్రమ లేని జ్ఞానమే ప్రత్యక్షమని గౌతముడి న్యాయసూత్రాలు నిర్వచించాయి.

జగ్గయ్యపేట దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న వేదాద్రి నరసింహాలయాన్ని దూరం నుంచి ఫొటో తీస్తే, 30 రెట్ల ఆప్టికల్ జూమ్‌లో గోపురం మీది వెలుగే కటకాల గుండా వచ్చి సెన్సర్ మీద పడుతుంది. సన్నికర్షం తెగలేదు, దాన్ని ప్రత్యక్షమనే ఒప్పుకోవాలి. డిజిటల్ జూమ్ అలా కాదు. ఉన్న చుక్కల నడుమ లేని చుక్కలను లెక్కగట్టి నింపుతుంది. పొగను చూసి నిప్పును తెలుసుకునే అనుమానానికైనా హేతువు ఉంటుంది, దీనికి అదీ లేదు. నిత్యవాడకంలో దాన్ని ఆపి ఉంచడమే మేలు.

ఈ కెమెరాల సెన్సర్ సాధారణంగా సుమారు 6.2 × 4.6 మి.మీ. మాత్రమే. పగటి వెలుగులో వీధికీ, పిట్టకూ, శిఖరానికీ చాలినా, గర్భగుడి దీపకాంతిలో బొమ్మ గరుకెక్కుతుంది.

వస్తువే లేని చోట ఏ జూమూ పనిచేయదు. 1882లో పురావస్తువేత్త బర్జెస్ పరిశోధించిన జగ్గయ్యపేట బౌద్ధస్తూపానికి చెందిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకమే అందుకు ఉదాహరణ. అది ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.