సినిమా హాలు ఎవరి సొత్తు?

పద్నాలుగేళ్ల కిందట ఒక కాగితం మీద సంతకం పెట్టాను. మా ఆవనికి దగ్గరి పట్నంలో ఉన్న పాత సినిమా హాలును పడగొట్టి, ఆ స్థలంలో కల్యాణ మంటపం కట్టుకోవడానికి అప్పు ఇవ్వవచ్చునని సిఫారసు చేసే కాగితం అది. స్థలం విలువ ఇంత, రాబడి అంచనా ఇంత, వాయిదాలు ఇన్ని అని అన్నీ రాసి, హాలు దగ్గరికి వచ్చేసరికి 'పాత కట్టడం, తీసివేయదగినది' అన్నాను. లెక్కలో తప్పు లేదు. అప్పు కూడా పైసాతో సహా తీరిపోయింది. అయినా ఆ మూడు మాటలు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉన్నాయి.

మా ఊరి కొండ మీద సీతమ్మ గుడి ఉంది. వాల్మీకి ఆశ్రమం ఇక్కడేననీ, లవకుశులు పుట్టింది ఇక్కడేననీ మా నమ్మకం. 1963లో వచ్చిన 'లవకుశ' ఆ హాలుకు మళ్లీ మళ్లీ వచ్చేది. వచ్చినప్పుడల్లా మా చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలేవి. నేను 1970ల చివర్లో మా అవ్వతో పోయి చూశాను. అవ్వ చెప్పులు గేటు బయటే విడిచి లోపలికి వచ్చింది. తిరిగి వస్తూ, "అంతా బాగుంది గానీ మన కొండ చూపించలేదేమిరా" అన్నది.

మా జిల్లా సంగతి పాఠకులకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కన్నడం మాకు అన్నం పెట్టిన భాష, దానితో నాకు తగవు లేదు. కానీ నలుగురి మధ్య తెలుగు గట్టిగా వినపడిన చోటు నా చిన్నతనంలో ఆ హాలు ఒక్కటే. పద్యం అంటే ఏమిటో నాకు తెలిసింది అచ్చు పుస్తకంలో కాదు, ఆ చీకట్లో. ఇంట్లో మేము మాట్లాడుకునే మాటకు ఇంత ఠీవి ఉందా అని ఆశ్చర్యపోయింది కూడా అక్కడే. బడి చేయవలసిన పనిని, టికెట్టు డబ్బుల కోసం, ఒక వ్యాపారి చేసి పెట్టాడు.

మరి ఆ హాలు ఎవరి సొత్తు? పట్టా ఎవరి పేరిట ఉందో వారిదే. అందులో సందేహం లేదు. అయితే ఒకరి సొత్తుగా ఉంటూనే వేలమంది జీవితాల్లోకి చేరిపోయిన దాన్ని, ఆ ఒక్కరే ఒక రోజు చెరిపేయవచ్చునా అన్నది నా ప్రశ్న.

యజమానిని ఆ మాటే అడిగాను, అప్పు కాగితాలు చూడటానికి పోయినప్పుడు. ఆయన నాకన్నా చాలా పెద్దవాడు. నవ్వి అన్నాడు: "జ్ఞాపకాలు మీవప్పా, కరెంటు బిల్లు నాది. రీళ్ల కాలం అయిపోయింది. కొత్త మిషను పెట్టమంటారు. పెడితే వచ్చే వాళ్లెవరు? నువ్వు నా హాలుకు వచ్చి ఎన్నేండ్లాయె?" లెక్క వేసుకున్నాను. పదకొండేళ్లు. ఇంకేమీ అనలేకపోయాను.

సొంత హాలును నిలుపుకోలేకపోవడం ఆయనతో మొదలైంది కాదు. తెలుగు సినిమాకు పితామహుడని పేరు పొందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారి కథ చూడండి. మచిలీపట్నంలో పుట్టి, మద్రాసు చేరి, ఫోటో స్టూడియోతో స్థిరపడ్డారు. 1910 ప్రాంతంలో ఆ స్టూడియోను తాకట్టు పెట్టి, బొమ్మకు గ్రామఫోను శబ్దం జోడించి చూపే క్రోనోమెగాఫోను అనే యంత్రం తెప్పించారు. ఆ రోజుల్లో దాని ఖరీదు 30 వేల రూపాయలని చెబుతారు. దానితో బర్మా, సింహళం దాకా తిరిగి ఆటలు వేశారు. 1914లో మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ థియేటరు కట్టారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టుకున్న మొదటి సినిమా హాలు అదే. తర్వాత మింటు వీధిలో క్రౌను, పురసవాకంలో గ్లోబు వచ్చాయి. కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్య కోసం విదేశాలకు పంపి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. ఆ నిర్మాణపు అప్పులే చివరికి హాళ్లను మింగాయి. 1941లో కన్నుమూసేనాటికి కట్టినవేవీ ఆయన చేతిలో లేవు. గెయిటీ మాత్రం చేతులు మారి, ఈ శతాబ్దం వచ్చేదాకా ఆడింది. ఆ తర్వాత నేలమట్టమైంది.

దానికి కాస్త దూరంలోనే ఇంకో కట్టడం ఉంది. 1913లో వార్విక్ మేజర్ అనే ఆయన పెట్టిన ఎలక్ట్రిక్ థియేటరు. అందులో ఆటలు రెండేళ్లే సాగాయి. 1915లో తపాలా శాఖ కొనుక్కుంది. తర్వాతి కాలంలో తపాలా బిళ్లల విభాగానికి నీడ అయింది. రెండేళ్లు ఆడిన హాలు గోడలు మిగిలాయి. ఎనభై ఏళ్లకు పైగా ఆడినది మిగల్లేదు. కాబట్టి ఒక చోటు నిలవడం, అది జనానికి ఎంత ఇచ్చింది అన్నదాన్ని బట్టి ఉండదు. దాన్ని నిలపడంలో ఎవరికి లాభం ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. బ్యాంకు ఉద్యోగిగా ఇది నాకు కొత్త సంగతి కాదు. మనిషిగా మాత్రం మింగుడుపడదు.

నేను చదివిన బి.కాం.లో గుడ్‌విల్ అని ఒక పాఠం ఉంటుంది. వ్యాపారం అమ్మేటప్పుడు స్థలం, సామాను విలువలే కాక, జనం దాని మీద పెట్టుకున్న నమ్మకానికి కూడా ఖరీదు కడతారు. కొన్నేళ్ల సగటు లాభాన్ని ఇన్ని రెట్లు అని హెచ్చవేయడం ఒక పద్ధతి. ఆ నమ్మకం తయారుచేసింది ఖాతాదారులు, కానీ దాని డబ్బు చేరేది యజమానికి. చదువుకునే రోజుల్లో ఇది వింత అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తుంది. మా అవ్వ చెప్పులు విడిచి లోపలికి పోయిందే, అది ఏ పద్దులో చేరాలి?

ఏ పద్దులోనూ చేరదు. టికెట్టు కొన్నాం, ఆట చూశాం, బాకీ చెల్లు. న్యాయంగా మనకు రావలసింది ఏమీ లేదు. యజమాని నష్టపోతూ మన జ్ఞాపకాలను కాపలా కాయాలనడం దబాయింపే. వెంకయ్యగారిలా ఆస్తి తగలేసుకున్నవాణ్ని పోయాక పొగడటం సులభం. బతికుండగా టికెట్టు కొనడమే కష్టం.

అయితే హక్కు లేని చోట మర్యాద కూడా ఉండనక్కర్లేదా? ఆ హాలు ఒక మామూలు బుధవారం మూతపడింది. ఇదే చివరి ఆట అని బోర్డు కూడా పెట్టలేదు. ముప్పై ఏళ్లు కార్బన్ కడ్డీల వేడిలో నిలబడిన ఆపరేటరుకు తాళం చూశాకే సంగతి తెలిసింది. తర్వాత ఆయన పట్నంలో సైకిలు స్టాండు చూసుకున్నాడు. నా రిపోర్టులో యంత్రాల పాత ఇనుము విలువ రాశాను. పనివాళ్లు ఎందరు, వాళ్లకు ఏమి ఇచ్చి పంపుతారు అని అడగలేదు. అడగవద్దని ఏ నిబంధనా నన్ను ఆపలేదు. ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ పెద్దమనిషి కాదనేవాడూ కాదు. నేను బాధపడవలసింది హాలు పోయినందుకు కాదు, ఆ ప్రశ్న వేయనందుకు.

ఇక మన సంగతి. తెలుగు బడి కోసం మనం నలుగురం కలిసి అడగవలసినప్పుడు అడగక, భాష భారాన్ని ఒక వ్యాపారి భుజం మీద వదిలేశాం. ఆయన దించేసుకుంటే అన్యాయం అన్నాం. ఎవరో లాభానికి నడిపేది మన ఉమ్మడి పని చేసి పెడుతుంటే, అది నడిచినన్నాళ్లూ మనం పోవాలి, పిల్లలను తీసుకుపోవాలి. అంతకు మించిన హక్కుపత్రం మన దగ్గర లేదు.

ఈ నెల పత్రిక చందా గడువు ముగిసిందని కార్డు వచ్చింది. ఎప్పుడూ రెండు కార్డులు వచ్చాక గానీ కట్టేవాణ్ని కాను. ఈసారి మొదటి కార్డుకే కట్టాను.