ఉనికికి హద్దు

చెన్నపట్టణము నుండి అరక్కోణమునకు పోవు రైలుమార్గమున పెరంబూరు పేరు గల స్టేషనులు వరుసగా మూడు కలవు: పెరంబూరు, పెరంబూరు క్యారేజి వర్క్సు, పెరంబూరు లోకో వర్క్సు. క్రొత్తగా వచ్చు బంధువు ఏ పెరంబూరులో దిగవలెనో తెలియక తికమకపడినచో ఆశ్చర్యము లేదు. పేరు మూడుచోట్ల నుండవచ్చును గాని, బండి మాత్రము ఒక సమయమున ఒక్కచోటనే నిలువగలదు. మనిషి సంగతియు చిరకాలము అట్లే యుండెను. నేడు మనిషి పేరు నాలుగుచోట్ల ఒక్కసారిగా వెలుగుచున్నది. మనిషి ఎచ్చట నున్నాడన్నది గృహస్థధర్మమునకు సంబంధించిన ప్రశ్నయై కూర్చున్నది.

ఆ పేటలో ఇత్తడి, స్టీలు పాత్రల వ్యాపారము చేయు ఒక శ్రావకుని ఊహించి చూడవచ్చును. గల్లాపెట్టె ప్రక్కన ఒక కంప్యూటరు, సరుకు నిలువచేయు గిడ్డంగిలో మరొకటి, ఇంట కుమారుని బల్లమీద ఇంకొకటి, జేబులో ఫోను. నాలుగింటను ఒకే వాట్సాపు ఖాతా తెరచియే యుండును. సాయంకాలము ఏడు గంటలకు ఆయన ఇంట ఆసనము పరచుకొని సామాయికమునకు కూర్చుండును. ఫోను ప్రక్కగదిలో నున్నది. అదే వేళ మొరాదాబాదు నుండి పాత్రల తయారీదారు ధర తెలిపి సమ్మతమేనా యని అడుగును. దుకాణములోని గుమాస్తా అదే ఖాతా నుండి జవాబిచ్చును. మొరాదాబాదువారు సేఠుగారే స్వయముగా మాటాడుచున్నారని నమ్ముదురు. ఇంటివారు ఆయన సామాయికములో నున్నారని నమ్ముదురు. ఆయన చెవి మాత్రము ప్రక్కగదిలోని ఫోను ఎప్పుడు మ్రోగునా యని ఎదురుచూచుచుండును. మూడు నమ్మకములలో ఏది నిజము?

ఈ స్థితి ఒక్కనాడు వచ్చినది కాదు. 1988లో ఫిన్లండు దేశమునందలి ఔలు విశ్వవిద్యాలయమున యార్కో ఓయికారినెన్ అను నతడు, పలువురు తమతమ కంప్యూటర్ల ముందు కూర్చుండి అక్షరములతో అప్పటికప్పుడు సంభాషించు ఏర్పాటు నొకదానిని రచించెను. దానికి ఐ.ఆర్.సి. అని పేరు. కొలదికాలమునకే దానిని వాడువారికి ఒక చిక్కు కలిగెను. కంప్యూటరు కట్టివేసినచో సభలో తమ పేరు మాయమగును. ఆ వ్యవధిలో జరిగిన మాటలు తమకు దక్కవు. అందుకు విరుగుడుగా బౌన్సరు అను ఉపాయము పుట్టినది. ఎచ్చటనో ఎల్లవేళల నడచుచుండు ఒక కంప్యూటరులో దీనిని ఉంచినచో, యజమాని నిద్రించుచున్నను అతని పేరు సభలో నిలిచియే యుండును. అతడు ఆఫీసు కంప్యూటరు నుండి గాని, ఇంటి కంప్యూటరు నుండి గాని తిరిగి వచ్చినప్పుడు, జరిగిన మాటలన్నియు అప్పగించును. మనిషి లేకున్నను మనిషి పేరు కాపలాకాయుట ఇట్లు మొదలైనది. అయితే ఆ సభలో మరొక మర్యాదయు నుండెను. లేచిపోవువాడు తాను లేనని తెలుపు గుర్తు పెట్టి పోవచ్చును. పేరు నిలిచినను, అబద్ధము నిలువనక్కరలేదు.

మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టులో విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించెను. తొలుత అందుకొన్న నగరములలో మద్రాసు ఒకటి. ఆ దినములలో టెలిఫోను తీగమీదనే సంబంధము కుదుర్చుకొనవలసి యుండెను. కుదిరినంతసేపు ఇంటి టెలిఫోను పలుకదు. గంటల లెక్కన సొమ్ము కరగును. కనుక సంభాషణకు మొదలును తుదియు ఉండెను. అంతకు ముందరి తంతి సంగతి చెప్పనే యక్కరలేదు. మాటకు ఇంతయని వెల గనుక పంపువాడు పది మాటలను ఆరు మాటలకు కుదించి, అవసరమేనా యని మరల ఆలోచించి పంపెడివాడు. ఆ తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. వాట్సాపు 2009లో పుట్టినది. 2015లో అది కంప్యూటరు తెరమీదికి వచ్చినను, ఫోనుకూడ మేలుకొని యున్నగాని పనిచేసెడిది కాదు. 2021లో ఆ కట్టు తొలగెను. ఫోను కాక మరి నాలుగు పరికరములు, ఫోను ఆపివేసినను, అదే ఖాతాతో వేరువేరుగా నడచుటకు వీలు కలిగెను. ఖర్చు లేదు, గడియారము లేదు, తలుపు మూయువారు లేరు. వెల లేని వస్తువును మితముగా వాడుట ఎంత కష్టమో వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందలి మేలును కాదనుట న్యాయము కాదు. 2015 డిసెంబరులో చెన్నపట్టణము వరదలో మునిగినప్పుడు, కరెంటును ఫోనులును పలుచోట్ల నిలిచిపోయినను, అందిన కొద్దిపాటి సందేశములే ఎందరికో పడవను, అన్నమును, ఆశ్రయమును చూపినవి. 2020లో ఊరంతయు తలుపులు మూసుకొన్నప్పుడు దుకాణములకు కొనుగోలుదార్లు ఈ దారినే వచ్చిరి. కూతురు అమెరికాలో, అన్నదమ్ములు రాజస్థానములో నున్న కుటుంబమునకు ఇది ఒకే వరండా వంటిది. బేరమున ఆలస్యమైనచో గిరాకీ ప్రక్కదుకాణమునకు పోవు ననుటయు నిజమే. కనుక కంప్యూటరు మంచిదా చెడ్డదా యను ప్రశ్నతో పని లేదు. ఎల్లవేళల, ఎల్లచోట్ల తెరచి యుంచుట గృహస్థునికి తగునా యనుటయే ప్రశ్న.

తెలుగువారు ఇచ్చట ఒక ఆక్షేపణ చేయవచ్చును. "తిరుపతి వేంకట కవులు శతావధానములు చేయలేదా? ఎనమండుగురు పృచ్ఛకులను ఒక్కసారి నిర్వహించుట మన జాతి విద్యయే కదా?" అని. పైకి సరియైన మాటయే. కాని అవధానమున ఎనమండుగురును ఒకే సభలో కూర్చుందురు. ఒకరి తరువాత నొకరు అడుగుదురు. ఎవరి వంతు వచ్చినప్పుడు అవధాని చిత్తము వారియందే యుండును. తుదకు ధారణ చేసి సభ ముగింతురు. అప్రస్తుతప్రసంగము చేసి ఏకాగ్రతను చెడగొట్టువాడు ఒక్కడే యుండును. అతనిని కావలెననియే నియమింతురు. నాలుగు తెరల యెదుట కూర్చున్నవానికి అందరును అప్రస్తుతప్రసంగులే. ముగింపు మాత్రము లేదు.

జైనులకు ఇంతకంటె దగ్గరి యుదాహరణము కలదు. శ్రీమద్ రాజచంద్రులు 1887లో బొంబాయి సభలో శతావధానము చేసి పెద్దలను ఆశ్చర్యపరచిరి. కీర్తి చేతికి వచ్చిన ఆ వయసుననే, ఈ విద్య ఆత్మసాధనకు అడ్డమని దానిని విడిచిపెట్టిరి. ఆయన సన్న్యాసి కారు. ముత్యములు, వజ్రముల వ్యాపారము చేసిన గృహస్థులు. 1891లో ఆయనను బొంబాయిలో కలిసికొన్న గాంధీజీ తమ ఆత్మకథలో ఒక విశేషము తెలిపిరి. ఆయన బల్లమీద ఏదో యొక ధర్మగ్రంథమో దినచర్య పుస్తకమో ఎల్లప్పుడు నుండెడిదట. బేరము ముగిసిన మరుక్షణము ఆ పుస్తకము తెరచుకొనెడివారట. బేరము ముగియుట యను నొక క్షణము ఉన్నందుననే పుస్తకము తెరచుటకు వీలు కలిగినదని గమనింపవలెను. లక్షల బేరములు నడిపిన చేతికి అది సాధ్యమైనది. ముగియని బేరములో మునిగినవానికి ఏ పుస్తకమును తెరచు తరుణము రాదు.

ఉమాస్వాతి ఆచార్యుని తత్త్వార్థసూత్రము తొమ్మిదవ అధ్యాయమున ధ్యానమునకు లక్షణము చెప్పుచు, చిత్తమును ఒక్క విషయమున నిలుపుటయే ధ్యానమనియు, ఉత్తమమైన దేహబలము గలవానికి సైతము అది అంతర్ముహూర్తము వరకే యనియు నిర్ణయించెను. ముహూర్తమనగా 48 నిమిషములు. నలువది యెనిమిది నిమిషములైన నిలువని చిత్తము నాలుగు తెరలమీద పదునారు గంటలు పరచినచో ఏమి మిగులును? నేటి పరిశోధకులును ఈ దిక్కునే చూచుచున్నారు. పని పూర్తికాకుండ మరొక పనికి మారినవాని మనస్సులో కొంతభాగము మొదటి పనియందే చిక్కుకొని యుండునని 2009లో సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు చూపినది. పద్దు వ్రాయువానికి ఇది తెలిసిన విషయమే. చెల్లని బాకీ ముందటి పుటలోనికి తెచ్చుకొనక తప్పదు.

అయితే ఈ ప్రశ్నకు సూటియైన సమాధానము మరొకచోట కలదు. శ్రావకుని పండ్రెండు వ్రతములలో దేశావకాశికము ఒకటి. ఇంతకాలము ఈ యింటిని గాని, ఈ వీధిని గాని దాటనని హద్దు పెట్టుకొనుట ఈ వ్రతము. శరీరము హద్దు దాటకున్నచో వ్రతము నిలిచినట్లేనా? కాదని పూర్వులు ఐదు అతిచారములను లెక్కించి చెప్పిరి. హద్దు వెలుపలి వస్తువును తెప్పించుకొనుట ఆనయనము. తాను పోక మరొకని పంపి పని చేయించుట ప్రేష్యప్రయోగము. గొంతు వినిపించి వెలుపలివానితో వ్యవహరించుట శబ్దానుపాతము. తన రూపము చూపి సైగచేయుట రూపానుపాతము. ఏదేని వస్తువును విసరి గుర్తు తెలుపుట పుద్గలక్షేపము.

దగ్గును, చేసైగను, గులకరాతిని లెక్కించిన ఆ సూక్ష్మదృష్టిముందు కంప్యూటరు క్రొత్తది కాదు. పైని చెప్పిన వర్తకుడు సామాయికములో నుండగా గుమాస్తా ఆయన పేరుతో జవాబిచ్చుట ప్రేష్యప్రయోగము వంటిది. మాటను రికార్డు చేసి పంపుట శబ్దానుపాతము. వీడియోలో కనిపించుట రూపానుపాతము. సరుకు ఫొటోనో బిల్లునో పంపుట పుద్గలక్షేపము. వ్రతము తీసికొననివానికి ఇవి దోషములు కాకపోవచ్చును. కాని ఈ పట్టిక వలన తెలియు తత్త్వము అందరిది. మనిషి ఉనికి అతని చర్మముతో ముగియదు. అతని మాట, రూపము, ఆజ్ఞ ఎంతదూరము పోవునో అతడు అంతదూరము ఉన్నట్లే. కనుక హద్దు పెట్టవలసినది కాళ్లకు మాత్రమే కాదు.

ఇందు ఇతరుల హింసయు కలదు. యజమాని రాత్రి పదకొండు గంటలకు సందేశము పంపినచో గుమాస్తా పదకొండు గంటలకు మేలుకొనవలెను. అహింసాణువ్రతపు అతిచారములలో అతిభారారోపణము, అనగా మోయదగినదానికంటె ఎక్కువ బరువు మోపుట, ఒకటి. ఎద్దుల బండ్లు తిరిగిన నాడు ఎద్దు వీపు చూచి బరువు తెలిసికొనవచ్చును. గుమాస్తా నిద్ర ఎవరికి కనిపించును? ఫ్రాన్సు దేశమున 2017 నుండి పెద్ద సంస్థలు పనివేళల వెలుపల ఉద్యోగులకు సందేశముల నుండి విడుదలను గూర్చి వారితో చర్చించి తీరవలెనని చట్టము కలదు. శ్రావకునికి చట్టము వచ్చువరకు వేచియుండవలసిన పని లేదు.

అన్నిటికంటె శోచనీయమైనది సంవత్సరి నాటి క్షమాపణ. మిచ్ఛామి దుక్కడం అను మాట మనసార చెప్పవలసిన మాట. నేడది రంగుల బొమ్మగా మారి, ఒక్క నొక్కుతో 256 మందికి పోగల జాబితాలకు చేరుచున్నది. ఏడాది పొడవున ఎవరినీ పల్లెత్తుమాట అననివారికిని, ఆస్తి పంపకములో నొచ్చుకొని మాటలు మానుకొన్న తమ్మునికిని వెళ్లునది అదే బొమ్మ. తమ్ముడును జాబితాలోని వాడే కనుక అదే బొమ్మ తిరిగి పంపును. రెండు తెరలును క్షమించుకొన్నవి. ఇద్దరు అన్నదమ్ములు క్షమించుకొనలేదు. ఆ తమ్ముని యిల్లు రెండు వీధుల అవతలనే యుండవచ్చును.

ఆచరణకు కొన్ని నియమములు కష్టమైనవి కావు. దుకాణపు ఖాతా దుకాణపు కంప్యూటరులోనే యుండవలెను. కొట్టు కట్టివేయునప్పుడు అదియు కట్టివేయవలెను. యజమాని లేనప్పుడు గుమాస్తా మాటాడినచో తన పేరు చెప్పి మాటాడవలెను. వ్యాపారులకై 2018లో వచ్చిన వాట్సాపు బిజినెస్సులో, ఫలానా వేళకు జవాబు వచ్చునని తనంతట తెలుపు సౌకర్యము కలదు. దానిని నిజాయితీతో వాడుకొనవచ్చును. దుకాణమునకు తెరచు వేళలు వ్రాసిన పలక ఉన్నందున గిరాకీ పోలేదు; మాటకును అట్టి పలక ఉండవచ్చును. సామాయికమునకు ముందు ఫోనును ప్రక్కగదిలో పెట్టుట చాలదు. ఏయే తెరలమీద పేరు మిగిలియున్నదో చూచి, వానినన్నిటిని మూసి కూర్చుండవలెను. సంవత్సరినాడు బొమ్మలు పంపుటకు ముందే, నిజముగా నొచ్చిన వారి పేర్లు రెండో మూడో కాగితముమీద వ్రాసికొని, వారి గడపకు స్వయముగా నడచి పోవలెను. ఆ పని నాలుగు కంప్యూటర్లలో ఏదియు చేయజాలదు.