వెనుకనుండి వినవచ్చు స్వరము

పఠన భాగములు: యెషయా 30:1–21, లూకా 24:13–35

1931వ సంవత్సరములో విజయనగరమునకును రాయపూరునకును నడుమ రైలు మార్గము పూర్తియైనది. రైలు ఉద్యోగముల మూలముగాను, వర్తకము మూలముగాను తెలుగువారు అనేకులు ఆ పట్టణమున కాపురముండిరి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఏర్పడి రాయపూరు రాజధాని అయినది మొదలు అక్కడి వీధుల రూపమే మారిపోయినది. ధమ్తరికి 1900లో తెరచిన చిన్న రైలు మార్గము పట్టణములో ఉన్నంత మేరకు తీసివేయబడి, ఆ నేలమీద ఎక్స్‌ప్రెస్ రోడ్డు వచ్చినది. పొలముల నడుమ నవ రాయపూరు లేచినది. పాత పటము చేతబట్టుకొని అక్కడ తిరుగువాడు రైలు పట్టాలను వెదకి రోడ్డును చూచును.

ఆ పట్టణమునుండి ఒక యువకుడు తెల్లవారుజామున సైకిలుమీద ధమ్తరికి బయలుదేరెననుకొనవచ్చును. పోను సుమారు 80 కిలోమీటర్లు, రాను అంతే. ఆదివారమైన యెడల ఆరాధన వేళకు తిరిగి రాలేడు గనుక అది శనివారమనియే తలంచుట మేలు. అతని సైకిలు హ్యాండిలుమీద అరచేతిలో ఇముడునంతటి జి.పి.ఎస్. పరికరము బిగించియున్నది. ఇక్కడ కుడికి, అక్కడ ఎడమకు అని మలుపు మలుపునకును అది బాణపు గుర్తుతోను కూతతోను తెలుపును. దానిని నమ్మి బయలుదేరినవారు చెప్పు కష్టములు కొన్ని ఉన్నవి. వాటిని తెలిసికొనుట విశ్వాసికి నిష్ప్రయోజనము కాదు.

భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములలో నాలుగింటి సంకేతములైనను అందినయెడల ఆ పరికరము తానున్న తావును లెక్కకట్టగలదు. 2000 మే నెల వరకు అమెరికా ప్రభుత్వము సామాన్యులకు అందు సంకేతములలో కావలెననియే దోషము కలుపుచుండెను. ఆ దినములలో వంద మీటర్ల వరకు తప్పు వచ్చుటయు కలదు. ఇప్పుడు ఆ దోషము లేదు. ఆకాశము విశాలముగా కనబడు చోట తప్పు కొన్ని మీటర్లే. గనుక కష్టము చాలవరకు నేలమీదిది. పరికరములో నింపిన దారి యనునది తరచుగా చుక్కల వరుస మాత్రమే, ముందటి రాత్రి ఇంటిలో కూర్చుండి ఎవరో గీసిన గీత. అందులో మలుపు అను మాటయే ఉండకపోవచ్చును. పరికరము ఆ గీతను తనలోని పటముతో సరిపోల్చి, ఇది మలుపు, ఇది కాదు అని ఊహించును. పటము పాతదైన యెడల ఊహయు పాతదే. రోడ్డు తనంతట తానే వంపు తిరుగు చోట అది తిరుగుమని కూయును. అభన్‌పూరు వద్దవలె ఒక దారి రాజిమ్‌నకును మరియొకటి ధమ్తరికిని చీలునట్టి చోట ఊరకుండుటయు కలదు. పెద్ద రోడ్డును, దాని ప్రక్కనే పది మీటర్ల దూరములో సర్వీసు రోడ్డును ఉన్నయెడల ప్రయాణికుడు దేనిమీద నున్నాడో దానికి తెలియకపోవచ్చును. రెండు మలుపులు వెంటవెంటనే వచ్చినప్పుడు రెండవదాని కూత అది దాటిపోయిన తరువాత వినబడును. ఎక్కడ నున్నాడో చెప్పుటకును, ఎటు పోవలెనో చెప్పుటకును నడుమ ఇంత దూరమున్నది.

క్రైస్తవ గృహములలో అనేకులు దేవునియొద్ద అడుగుచున్నది ఇట్టి పరికరమునే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు తీయుట తెలుగు సంఘములలో ప్రియమైన ఆచారము. దానిలో దోషము లేదు. ఆ ఒక్క మాటవలన సంవత్సరమంతయు ఓదార్పు పొందినవారు కలరు. అయితే ఆ కార్డును బాణపు గుర్తుగా చేసికొని, స్థలము కొనవలెనా మానవలెనా, ఏ సంబంధము ఖాయపరచుకొనవలెను అని దానిలో వెదకుట వేరు. కన్నులు మూసికొని బైబిలు తెరచి వ్రేలు పెట్టువారును, ప్రతి చిన్న నిర్ణయమునకును ఫోనులో ప్రవచనము అడుగువారును ఈ కోవలోనివారే. సూచన రాలేదు గనుక ఋణము తీర్చకయున్నవారు, సూచన రాలేదు గనుక తోబుట్టువుతో సమాధానపడకయున్నవారు, జబ్బుపడిన తల్లిని వైద్యునియొద్దకు కొనిపోవుట ఆలస్యము చేసినవారు తన సంఘములో లేరని ఏ కాపరి చెప్పగలడు? అప్పు తీర్చుటకు దర్శనము కావలెనా?

అట్టి కార్డులమీద తరచుగా కనబడునది యెషయా 30:21. జనులు ప్రక్కకు తొలగినప్పుడు వెనుకనుండి ఒక స్వరము త్రోవను తెలుపునని దాని భావము. ఆ ఒక్క వచనముతో నిలిచిపోవువాడు అధ్యాయపు మొదటి మాటలను ఎరుగడు. అష్షూరు భయముచేత యూదావారు దేవుని అడుగక ఐగుప్తునకు రాయబారులను పంపిరి. వడిగల గుఱ్ఱములను నమ్ముకొనిరి. వారికి దారి తెలియక కాదు. తెలిసిన దారి వారికి రుచింపకపోయెను. ఆ స్వరము వెనుక నడచువానిది. మంద చెదరినప్పుడు దాని వెనుక వచ్చు కాపరి అదలింపువంటిది. అది రెండువందల మీటర్ల ముందుగా చెప్పునది కాదు, అడుగు తప్పినప్పుడు చెప్పునది. దానిని గుర్తుపట్టుటకు ఆ గొంతు ముందే పరిచయమై యుండవలెను. దినదినము వాక్యము చదువనివానికి అది వేయి గొంతులలో ఒకటి.

సైకిలు ప్రయాణికులు చెప్పు మరియొక కష్టము వింతగా నుండును. పోయిన దారినే తిరిగి వచ్చు ప్రయాణములో పరికరము పోకను రాకను కలిపివేయును. బయలుదేరు చోటును ముగియు చోటును ఒకటే గనుక, చక్రము కదలకముందే ప్రయాణము ముగిసినదనుటయు కలదు. దానికి చోటు తెలియును. అక్కడికి వచ్చినవాడు ఎంత దూరము నడచి వచ్చెనో తెలియదు. ఇశ్రాయేలీయులు కాదేషునకు రెండు మారులు వచ్చిరి. మొదటి మారు వేగులవారి మాట విని గుండె జారి వెనుదీసిరి (సంఖ్యా. 13, 14). అనేక సంవత్సరములైన పిమ్మట అదే కాదేషులో మిర్యామును పాతిపెట్టిరి (సంఖ్యా. 20:1). హోరేబునుండి ఆ చోటికి పదునొకండు దినముల ప్రయాణమే యని ద్వితీయోపదేశకాండము ఆరంభములోనే గుర్తుచేయుచున్నది. పటముమీద అది ఒకటే చుక్క. అయితే మొదటి మారు అక్కడ ఏడ్చిన తరము చాలవరకు అరణ్యపు ఇసుకలో నిద్రించుచుండెను. రెండవ మారు నిలిచినవారు వారి పిల్లలు. అదే ఆసుపత్రి గదికి, అదే కోర్టు వసారాకు మరల వచ్చిన విశ్వాసిని చూచి, ఇతడు ఎక్కడికిని పోలేదని ఇరుగుపొరుగువారు అందురు. దేవుడు అట్లు లెక్కింపడు.

పౌలు ఆసియలో బోధింపకుండ అడ్డగింపబడెను, బితూనియవైపు పోజూచినను ఆ త్రోవయు మూయబడెను (అపొ. కార్య. 16:6–10). రెండు మారులును ఇటు కాదను మాటయే. ఎటు అనునది త్రోయ చేరువరకు లేదు. అది వందల మైళ్ల నడక. దర్శనము కలిగిన తరువాతకూడ వారందరు కలిసి ఆలోచించియే దాని భావమును తేల్చుకొనిరి. ఆ ధమ్తరికే 1899లో, చిన్న రైలు తెరువబడకముందు, అమెరికా మెనోనైట్ మిషనెరీలు చేరిరి. అది గొప్ప కరవు కాలము. ఆకలిగొనినవారికి అన్నము పెట్టుటతోనే అక్కడ వారి పని ఆరంభమైనది. కన్నులయెదుట పడియున్నవానికి అన్నము పెట్టుటకు మరియొక బాణపు గుర్తు కావలసియుండలేదు.

దారి తప్పినప్పుడు ఆ పరికరము తరచుగా అనునది ఒకటే: వెనుకకు తిరుగుము. నడుమ డివైడరుగల జాతీయ రహదారిమీదను అదే కూత. ఇనుము, సిమెంటు, ధాన్యము మోయు లారీలకు ఎదురుగా, తప్పు ప్రక్కన సైకిలు త్రిప్పి ప్రాణముమీదికి తెచ్చుకొనువానికి యంత్రము జవాబుదారి కాదు. దారిని తిరిగి లెక్కకట్టు ఏర్పాటును కొన్నింటిలో కలదు. అది మొదట తలపెట్టిన దారిని విడిచి మరెక్కడికో నడిపించుటచేత, అనుభవముగలవారు అనేకులు దానిని ఆపివేసి, రోడ్డును చూచుచు, కిలోమీటరు రాళ్లు చదువుచు, టీ దుకాణములో అడుగుచు పోవుదురు.

ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు యెరూషలేమును విడిచి పోవుచుండిరి. సమాధి ఖాళీగా నున్నదను వార్త చెవిని పడిన దినముననే వారు అటు బయలుదేరిరి. ప్రభువు వారిని కలిసికొని వెనుకకు తిరుగుడని చెప్పలేదు. తప్పు దిక్కున నడచువారితో ఆయనయు ఆ దిక్కుననే నడచెను. వారి దుఃఖమునకు కారణమడిగెను. తనకు తెలిసిన సంగతినే వారి నోట చివరవరకు వినెను. మోషే మొదలుకొని లేఖనములను విప్పి చూపెను. ఊరు సమీపించినప్పుడు ఇంకను దూరము పోవువానివలె కనబడి, వారు బలవంతము చేసిన మీదటనే ఇంటిలోనికి వచ్చెను. రొట్టె విరిచినప్పుడు వారి కన్నులు తెరువబడెను, ఆయన మరి కనబడలేదు. తిరిగి పొమ్మని ఆ రాత్రి వారికి ఎవరును చెప్పలేదు. ప్రొద్దు గ్రుంకినది, దారి చీకటి, నడచివచ్చిన ఏడు మైళ్ల అలసట ఇంకను కాళ్లలోనే ఉన్నది. భోజనపు బల్లయొద్దనుండియే వారు యెరూషలేము దారి పట్టిరి.