ఒంటి మాట వినడం కూడా ధమ్మమే



మా పేట పక్కన కాలేజీ గ్రౌండు ఉంది. తెల్లవారుజామున అయిదింటికే కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు అక్కడికి చేరి 1600 మీటర్ల పరుగు సాధన చేస్తుంటారు. నాకు షుగర్ బయటపడ్డాక డాక్టరు నడవమన్నాడు కాబట్టి నేనూ అక్కడికే పోతాను. ఒకరోజు మన తమ్ముడొకడు కుంటుతూ పరుగెత్తడం చూశాను. మోకాలి కింద ఎముక మీద ఒకేచోట పోటు, మూడు వారాలుగా ఉందట. బూట్ల అడుగు అరిగి కాగితంలా అయింది. "ఆగితే మనలాంటోళ్లకి ఉద్యోగం వస్తదా అన్నా?" అన్నాడు. నేను వాడి భుజం తట్టి "శభాష్, తగ్గొద్దు" అన్నాను.

తప్పు చేశాను. కొన్నాళ్లకు ఆ ఎముకలో సన్నటి పగులు బయటపడింది. ఈవెంట్స్ రోజున వాడు ఇంట్లో మంచం మీద ఉన్నాడు.

ఆలోచించండి. "నొప్పికి ఆగకూడదు" అనే మాట వాడికి ఎక్కడినుంచి వచ్చింది? మన తాతల నుంచి వచ్చింది. జ్వరమొచ్చినా నాటుకు పోవాల్సిందే. నడుము పట్టేసినా మూట ఎత్తాల్సిందే. ఒళ్లు నొప్పి అంటే ఒళ్లొంగని సోమరి అన్న తిట్టు పడేది. దొరల ఇళ్ల ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన కాళ్లు మనవి. అందుకే మనకు నొప్పిని మింగడం అలవాటైంది గాని వినడం అలవాటు కాలేదు. ఇప్పుడు దొర లేడు. దొర గొంతు మాత్రం మన లోపల ఉండిపోయింది.

దీనికి తథాగతుడు ఏం చెప్పాడో చూద్దాం. సోణుడనే భిక్షువు కథ వినయ పిటకంలో ఉంది. చంపా నగరంలో గొప్ప ధనవంతుల బిడ్డ. అరికాళ్లు చాలా సుకుమారం. రాజగృహం దగ్గర శీతవనంలో ఉంటూ పట్టుదలతో చంక్రమణం చేశాడు, అంటే ధ్యానంగా అటూ ఇటూ నడిచాడు. పాదాలు పగిలి దారంతా రక్తమైంది. అయినా ఫలం దొరకలేదు. విసిగిపోయి ఇంటికి పోదామనుకున్నాడు. అప్పుడు బుద్ధుడు వచ్చి, ఇంటి దగ్గర వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగిస్తే పలికేదా అని అడిగాడు. లేదన్నాడు సోణుడు. మరీ వదులైతే? అప్పుడూ పలకదు. సమంగా ఉంటేనే పలుకుతుంది. ప్రయత్నం కూడా అంతేనని తథాగతుడు చెప్పాడు. సోణుడు తీగ సవరించుకున్నాడు, అర్హంతుడయ్యాడు.

ఇక్కడ ఒకటి గమనించండి. బుద్ధుడు నడక మానమనలేదు. నడిస్తే ఆరోగ్యం, తిన్నది అరుగుతుంది, ఏకాగ్రత నిలుస్తుందని చెప్పినవాడూ ఆయనే. అట్లాగని ఒళ్లు హూనం చేసుకోమనీ అనలేదు. కపిలవస్తులో ఒక రాత్రి తనకే నడుము నొప్పి పుడితే, బోధన ఆనందునికి అప్పగించి పడుకున్నాడు. ఆగడం ఓటమి అయితే తథాగతుడు ఆగేవాడా?

"బాబాసాహెబ్ ఒంటిని లెక్క చేయలేదు కదా" అని కొందరంటారు. నిజమే. షుగర్‌తో, కాళ్ల నొప్పులతోనే ఆయన రాత్రులు రాశారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మనకు ధమ్మం ఇచ్చారు. రెండు నెలలు నిండకముందే, డిసెంబర్ 6న, 65 ఏళ్లకే పోయారు. ఆ త్యాగానికి దండం పెడదాం. కానీ ఆయన ఇంకో పదేళ్లు ఉంటే మనం ఎక్కడ ఉండేవాళ్లమో కూడా తలచుకుందాం. ఆయన జబ్బును ఆదర్శం చేసుకోవద్దు.

మరి ఒంటి మాట వినడం ఎట్లా? సతిపట్ఠానంలో కాయాన్నీ వేదననూ ఉన్నది ఉన్నట్టు చూడమన్నారు. గ్రౌండులోనూ అదే చేయండి.

కొత్తగా వ్యాయామం మొదలుపెడితే మర్నాడు కండలు బరువుగా, సలుపుగా ఉంటాయి. రెండు మూడు రోజుల్లో పోతుంది. అది శ్రమ చెప్పే మాట, భయం లేదు. ఒకేచోట పొడిచినట్టు ఉండి, పరుగెత్తేకొద్దీ పెరిగి, కుంటేలా చేసేది హెచ్చరిక. ఆగి డాక్టరుకు చూపించండి.

నడుస్తూ మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఆయాసమొస్తే వేగం తగ్గించండి.

గుండెల మీద బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లచెమట, కళ్లు తిరగడం కనిపిస్తే గ్యాస్ అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

షుగర్‌కు మందులు వాడేవాళ్లకు వణుకు, చెమట, ఉన్నట్టుండి ఆకలి వస్తే ఆగి, చక్కెరో గ్లూకోజో నోట్లో వేసుకోండి. షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గుతుంది, అంటే ఒంటి గొంతే సన్నబడుతుంది. అందుకని రోజూ రాత్రి అరికాళ్లు కళ్లతో చూసుకోండి.

సోణుని కథకు ఇంకో ముక్క ఉంది. ఆ రక్తం చూసి బుద్ధుడు అతనికి ఒంటి అట్ట చెప్పులు తొడుక్కోమని అనుమతిచ్చాడు. నాకొక్కడికే వద్దు, సంఘమంతటికీ ఇస్తే నేనూ తొడుక్కుంటానన్నాడు సోణుడు. తథాగతుడు అందరికీ ఇచ్చాడు.

చెప్పులు కాదన్న ఊళ్ల నుంచి, చెప్పులిచ్చిన సంఘంలోకి వచ్చాం మనం. మా విహారంలో ఈ పౌర్ణమికి దానపెట్టె తెరిచి, పరుగెత్తే పిల్లలకు మంచి బూట్లు కొనాలని నిర్ణయించాం. మొదటి జత ఆ తమ్ముడికే. కాలు నయమయ్యాక డాక్టరు సరేనంటేనే తొడుగుతాడు. ఈసారి వాడు ఆగితే, శభాష్ అంటాను.

మీ విహారంలోనూ ఈ మాట ఎత్తండి.

జై భీమ్. నమో బుద్ధాయ.