వారు కూర్చున్న చోట

పాఠము: యెహెజ్కేలు 3:4–15



పాడేరులో స్థిరపడిన మన సంఘ కుటుంబమొకదాని కుమార్తె ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్నది. బోధన నేర్చుకొనుటకై ఆమెను కొండమీది యొక పల్లె బడికి పంపిరి. మొదటి వారము గడచిన శనివారము సాయంకాలము ఆమె మా యింటికి వచ్చి కన్నీరు విడిచెను.

“అయ్యగారూ, పిల్లలు నా నోరు చూస్తున్నారే గాని నా మాట వాళ్లకు అందడం లేదు. వాళ్ల ఇళ్లలో కువి మాట్లాడతారు. నాకు తెలుగు తప్ప రాదు. పరదేశంలో ఉన్నట్టుంది. సోమవారం నేను వెళ్లనండి” అనెను.

మేము ఆమెను గద్దింపలేదు. మా సంగతియే మాకు జ్ఞాపకము వచ్చి సిగ్గుపడితిమి. వేదాంత పాఠశాల విడిచి ఈ కొండలకు వచ్చిన తొలి ఆదివారము, మేము నేర్చిన పెద్ద మాటలన్నియు ప్రసంగములో కుమ్మరించితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట ఒక ముసలి తల్లి మా చెయ్యి పట్టుకొని, “మాట మంచిదే అయ్యా, మా గుమ్మం దాకా రానేదు” అనెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

యెహెజ్కేలును చూడుడి. తెలియని భాషగల జనులయొద్దకు కాదు, స్వజనులయొద్దకే దేవుడు అతనిని పంపెను. అయినను కెబారు నదియొద్ద చెరలోనున్న వారియొద్దకు వచ్చినప్పుడు, అతడు వెంటనే బోధింపలేదు. వారు కూర్చున్న చోట ఏడు దినములు కూర్చుండెను. ఒకే భాషగలవారి నడుమ ఏడు దినములు కావలసివచ్చిన యెడల, వేరు భాషగలవారి నడుమ మనకెన్ని దినములు కావలెను!

1903లో తెలుగు బాప్తిస్టు సంఘములు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పంపినవి. 1860 మొదలుకొని ఒప్పందపు కూలీలుగా అక్కడికి ఓడలెక్కిన మనవారిలో అనేకులు తెలుగువారు. ఆయన ఆ పరాయి దేశములో వారి నడుమ నివసించెను. ఆ యేటనే కేర్స్నీ అను చోట తెలుగు సంఘము ఏర్పడెను. 1915లో మరణించువరకు ఆయన ఆ సేవ విడువలేదు.

దగ్గరి మాట చెప్పెదము. పర్లాకిమిడిలో బడిపంతులైన గిడుగు రామమూర్తిగారు సవరల యొద్ద వారి భాష నేర్చుకొని, వారి పిల్లలకు ఆ భాషలోనే పుస్తకములు వ్రాసిరి. కొండజ్వరమునకు క్వినైను పుచ్చుకొనగా ఆయన వినికిడి చెడెను. అయినను పని మానలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణము అచ్చయ్యెను.

మేము ఆ అమ్మాయితో, “సోమవారం పాఠం చెప్పవద్దమ్మా. ముందు వాళ్లతో కూర్చో” అంటిమి. ఆమె వెళ్లి పిల్లలతో నేలమీద కూర్చుండెను. రాయి, ఆకు, చోడి వెన్ను చూపి, మీరేమందురని అడిగెను. ఆమె నాలుక తడబడగా పిల్లలు పకపక నవ్విరి. వారమంతయు నోరు తెరువని చిన్నపిల్ల ఒకతె దగ్గరకు వచ్చి, ఆమె గడ్డము పట్టుకొని మాట దిద్దెను! ఇప్పుడామె నల్లబల్లమీద వారి మాటను తెలుగు అక్షరములతో ఒక ప్రక్కను, తెలుగు మాటను మరియొక ప్రక్కను వ్రాయుచున్నది. చదువు ఇంకను కష్టముగానే యున్నదని ఆమె దాచక చెప్పెను. అయితే ప్రతి సోమవారము కొండ ఎక్కుచున్నది.

ప్రియులారా, మీ పల్లెకు వచ్చిన పంతులమ్మ సాయంకాలము ఒంటరిగా కూర్చున్నదేమో చూచితిరా? పరదేశిని ప్రేమింపవలెనని ద్వితీయోపదేశకాండము 10:19 మనకు ఆజ్ఞాపించుచున్నది. ఆమెకు ఒక పూట అంబలి పోసి, మీ మాటలు నాలుగు నేర్పుడి. మన బిడ్డలును చదువుటకును బోధించుటకును దూరదేశములకు వెళ్లుచున్నారు. అక్కడ వారికి ఎవరైన తలుపు తీయవలెనని ప్రార్థించు మనము, ఇక్కడ మన తలుపు మూసికొనవచ్చునా?

మన ప్రభువు సహితము పరలోకమునుండి కేక వేసి ఊరకుండలేదు. శరీరధారియై మన మధ్య నివసించెను. బోధింప మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఇంచుమించు ముప్పది యేండ్లు. అంతవరకు నజరేతులో మనుష్యులు కూర్చున్న చోటనే ఆయన కూర్చుండెను. మనకును ఆ ఓర్పును ఆయన దయచేయును గాక. ఆమేన్.