వెళ్లిపోతే సరిపోతుందా?

అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1973లో ప్రచురించిన ఒక చిన్న కథలో ఒమేలాస్ అనే నగరం ఉంది. అక్కడ రాజు లేడు, బానిస లేడు, అందరూ సుఖంగా ఉంటారు. ఆ సుఖానికి ఒక షరతు. ఒక భవనం కింద, కిటికీ లేని గదిలో, ఒక బిడ్డ మురికిలో, అర్ధాకలితో మగ్గుతూ ఉండాలి. ఆ బిడ్డను బయటికి తెచ్చి, కడిగి, కడుపునిండా పెడితే నగర వైభవం ఆ రోజే కూలిపోతుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఈడొచ్చిన పిల్లలు వెళ్లి చూస్తారు, ఏడుస్తారు, కొన్నాళ్లకు సర్దుకుంటారు. కొద్దిమంది మాత్రం ఒంటరిగా నగరం విడిచి వెళ్లిపోతారు.

ఆ నేలమాళిగలో పూడ్చింది దేన్ని? బిడ్డ సంగతి అందరికీ తెలిసిందే. పూడ్చింది అపరాధ భావాన్ని. ఒమేలాస్‌లో అది లేనే లేదని కథ చెబుతుంది. లేక కాదు, దానిమీద భవనం కట్టుకున్నారు. నివురుగప్పిన నిప్పుతో ధమ్మపదం పాపాన్ని పోల్చింది ఇందుకే.

ఇరుపక్షాల సమ్మతి లేనిదే ఒప్పందం చెల్లదని న్యాయశాస్త్రంలో చదువుకున్నాం. ఆ బిడ్డ సమ్మతి ఎవరూ అడగలేదు. వెలివాడ సమ్మతి మాత్రం ఏ ఊరు అడిగింది? మన దేశంలో వాడను నేలకింద దాచలేదు. అందరి కళ్లముందే ఊరి చివర ఉంచి, పూర్వజన్మ కర్మ అని పేరుపెట్టారు.

కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగాదా 1985 జూలై 17న ఆరుగురు మాదిగల హత్యకు దారితీసింది. మిగిలినవాళ్లు ఊరు విడిచి చీరాల చేరారు. అంటే ఇక్కడ వెళ్లిపోయింది సుఖపడినవాళ్లు కాదు, గదిలోని బిడ్డే. వెళ్లి ఊరుకోలేదు, దళిత మహాసభగా నిలబడ్డారు.

సిద్ధార్థుడు ఇల్లు విడవడానికి మూలం రోహిణీ నది నీళ్ల తగాదా అని, కోలియులపై యుద్ధాన్ని ఆయన కాదన్నారని బాబాసాహెబ్ రాశారు. ఆయన కూడా వెళ్లిపోయినవారే. కానీ బోధి పొందాక 45 ఏళ్లు నడిచింది జనం మధ్యనే.

సిప్పీఘాట్‌లో ఉంటున్న మాకు ఈ ప్రశ్న మరోవైపు నుంచి కూడా తగులుతుంది. కులాన్ని ఒడ్డున వదిలి సముద్రం దాటామని మన తెలుగువాళ్లు కొందరు అనుకుంటారు. మరి ఇక్కడి మన సుఖం కింద ఎవరున్నారు? 1858లో ఆంగ్లేయులు ఖైదీల స్థావరం పెట్టేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు ఇప్పుడు పదుల్లో మిగిలారు. జరావాల అడవిని చీల్చిన ట్రంక్ రోడ్డును ఆ మేరకు మూయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. అయినా బళ్లు నడుస్తూనే ఉన్నాయి. అద్దాల్లోంచి వాళ్లను చూడాలనే సరదాతో వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఒమేలాస్ పిల్లలు కనీసం ఏడ్చారు.

2004 డిసెంబరు 26న ఇక్కడి నేల కుంగి, పొలాలు ఉప్పునీట మునిగాయి. అది ఎవరి పాపానికీ శిక్ష కాదు. సముద్రం తనంతట తానే వచ్చింది. పూడ్చిన అపరాధం అలా రాదు, ఎవరో ఒకరు దిగి తలుపు తియ్యాలి. ఇవ్వనిది తీసుకోనని రెండో శీలంలో పలుకుతున్నాం. మన కాళ్లకింది నేల ఎవరు ఇచ్చారని అడగడం దగ్గరే ఆ శీలం మొదలవుతుంది.