పండుటాకులోని పసుపు



మొన్న వానప్రస్థం గురించి చెబుతూ ఒక మాట సగంలో ఆపేశాను. అది ఇప్పుడు చెప్పుకుందాం.

కిందటి అక్టోబరులో న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరున్నాను. "ఆకుల రంగులు చూసొద్దాం రండి నాన్నా" అని పెన్సిల్వేనియాలోని పోకొనో కొండలకి తీసుకెళ్లాడు. రాలిపోయే ఆకుల కోసం ఇంత ప్రయాణమా అనుకున్నాను. తీరా చూస్తే కొండంతా పసుపూ కుంకుమా చల్లినట్టుంది! కళ్లు తిప్పుకోలేకపోయాను.

"ఈ పసుపంతా ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?" అని మనవరాలిని అడిగాను. "ఎక్కణ్ణుంచీ రాలేదు తాతయ్యా. వేసవంతా ఆకులోనే ఉంది, ఆకుపచ్చ కప్పేసింది. పగలు తగ్గి చలి మొదలయ్యాక ఆకుపచ్చ పోతుంది, లోపలిది కనిపిస్తుంది. ఎరుపు మాత్రం కొన్ని చెట్లు అప్పుడే కొత్తగా తయారుచేసుకుంటాయి" అంది. రాలేముందు ఆకు తన సారం చాలావరకు చెట్టుకే ఇచ్చేస్తుందని కూడా చెప్పింది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఊళ్లో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఫోన్‌లో "మందులు వేసుకున్నావా?" అని అడిగి పెట్టేసేవాణ్ణి. చిన్నప్పుడు జ్వరంతో ఉన్న నన్ను పడవలో ఏరు దాటించిన కథ మొదలుపెడితే, "చెప్పావుగా అమ్మా" అనేవాణ్ణి. తల్లిని దేవతగా చూడమని పదిమందికీ చెప్పే నోరే ఇది!

మన భాష ఎంత గొప్పదో చూడండి. ఆకు పండింది అంటాం, పండుటాకు అంటాం. పండిందన్నాక అందులో తీపి ఉండాలి కదా! మృత్యుంజయ మంత్రంలోనూ దోసపండు తొడిమ నుంచి విడివడినంత తేలిగ్గా మృత్యువు నుంచి విడిపించమనే కదా వేడుకుంటాం! ముందు పండాలి, ఆ తర్వాతే విడుదల.

ఆ రాత్రి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లారింది. "అమ్మా, ఆ పడవ కథ చెప్పు" అన్నాను. చివరిదాకా విన్నాను. పడవవాడు డబ్బులు తీసుకోలేదట. అప్పట్నుంచి ఏటా కార్తీకంలో అతని పేర అమ్మ ఒక దీపం ఏట్లో వదులుతోందట. ఆ కథకి అలాంటి చివర ఉందని ఇన్నేళ్లూ నాకు తెలియదు.

ఆకుల రంగులు చూడ్డానికి నేను కొండలు ఎక్కాను, సంతోషమే. మీ ఇంట్లో పక్కగదిలోనే ఒక పండుటాకు ఉందేమో. ఈ సాయంత్రం కాసేపు దగ్గర కూర్చోండి. తెలిసిన కథే అయినా చివరిదాకా వినండి.

స్వస్తి.